ఓడిన అభ్యర్థి, నిలిచిన వాదము

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగము)



ఎన్నికలు ముగిసిన మరునాడు మన పఠనమందిరములలో వినవచ్చు ప్రశ్న ఒక్కటియే: ఎవరు గెలిచిరి? పత్రిక విప్పినవాడు అంకెలు చూచును. చూచి మడచి పెట్టును. ఏమి చెప్పి గెలిచిరి, ఏమి చెప్పి యోడిరి అని యడుగువారు అరుదు. ఈ యలవాటు ఎంత పొరపాటో తెలుపుటకు, అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రమున 1858లో జరిగిన సెనేటు ఎన్నికను మీ ముందుంచ దలచితిమి.

అమెరికా సెనేటునకు ప్రతి రాష్ట్రమును, చిన్నదైనను పెద్దదైనను, ఇద్దరు సభ్యులను పంపును. పదవీకాలము ఆరేండ్లు. ఆనాడు వీరిని ప్రజలు నేరుగా ఎన్నుకొనుట లేదు; రాష్ట్ర శాసనసభ్యులు ఎన్నుకొనుచుండిరి. కావున 1858లో ఓటు వేసిన రైతు స్టీఫెన్ డగ్లసునకు గాని, అబ్రహాం లింకనునకు గాని ఓటు వేయలేదు. తన ప్రాంతపు శాసనసభ్యునకు వేసెను.

డగ్లసు 1847 నుండి సెనేటరు. దేశమంతట పేరు మ్రోగినవాడు. లింకను స్ప్రింగుఫీల్డులో న్యాయవాది. ప్రతినిధి సభలో రెండేండ్లు మాత్రము కూర్చుండి వచ్చినవాడు. క్రొత్త భూభాగములలో బానిసత్వ ముండవలెనా వలదా యన్నది అచట స్థిరపడినవారే తేల్చుకొనవలెనని డగ్లసు సిద్ధాంతము. 1854 నాటి కాన్సాసు–నెబ్రాస్కా చట్టమునకు అదియే మూలము. 1857లో డ్రెడ్ స్కాట్ వ్యాజ్యమున, ఆ భూభాగములలో బానిసత్వమును నిషేధించు నధికారము కాంగ్రెసునకు లేదని సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. ఈ రెండింటికిని పొత్తు కుదురునా? ఎన్నిక యంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగెను.

రాష్ట్రమున కాంగ్రెసు నియోజకవర్గములు 9. రెండింట ఇరువురును అప్పటికే ప్రసంగించి యుండిరి. మిగిలిన 7 చోట్ల ఒకే వేదికపై వాదింప నొప్పుకొనిరి. మొదటివానికి గంట, రెండవవానికి గంటన్నర, మరల మొదటివానికి అరగంట. ఆగస్టు 21న ఒట్టావాలో మొదలిడి, అక్టోబరు 15న ఆల్టనులో ముగించిరి. వేలకొలది జనులు వచ్చి, మూడేసి గంటలు వినిరి. విలేఖరులు షార్టుహ్యాండున వ్రాసికొనగా పత్రికలు ఆ మాటలను దేశమంతట చాటెను.

ఆగస్టు 27న ఫ్రీపోర్టులో లింకను సూటిగా అడిగెను: రాష్ట్రముగా ఏర్పడక మునుపే ఒక భూభాగపు ప్రజలు బానిసత్వమును చట్టసమ్మతముగా తొలగింపగలరా? లేదనిన డగ్లసు సిద్ధాంతమే కూలును; కలదనిన బానిస యజమానులు మండిపడుదురు. స్థానిక శాసనముల అండ లేనిచోట బానిసత్వము ఒక్కనాడైనను నిలువదని డగ్లసు బదులు చెప్పెను. దక్షిణాదివారు ఆ మాటను క్షమింపరైరి. 1860లో ఆయన పక్షమే రెండుగా చీలెను.

లింకను పలుకులన్నియు మేలిమి బంగారమని మేము చెప్పము. నల్లవారికి తెల్లవారితో సాంఘిక, రాజకీయ సమానత్వము తాను కోరుట లేదని సెప్టెంబరు 18న చార్లెస్టనులో ఆయన ప్రకటించెను. నల్లవారికి ఓటు లేకపోవుటయే గాక, 1853 నాటి చట్టముచే వారి రాకనే నిషేధించిన రాష్ట్రమది. ఆ మాటను దాచి ఆయనను పూజించుట సత్యద్రోహము. అయినను బానిసత్వము తప్పా, ఒప్పా అను ప్రశ్నను మాత్రము ఆయన కడవరకు విడువలేదు.

ఫలితమేమి? రాష్ట్రమంతట చూడ లింకను పక్షమునకే ఓట్లు కొంత యెక్కువ. కాని ఉత్తరభాగమున జనము పెరిగినను, స్థానముల పంపకము పాత జనాభా లెక్కలను బట్టియే సాగెను. 1859 జనవరి 5న శాసనసభ్యులు డగ్లసునకు 54, లింకనునకు 46 ఓట్లు వేసిరి.

ఓడినవాడు ఏమి చేసెను? పత్రికల తునకలను కత్తిరించి భద్రపరచెను. డగ్లసు ప్రసంగములను డగ్లసు పక్షపు పత్రిక నుండియు, తనవానిని తన పక్షపు పత్రిక నుండియు గ్రహించెను. 1860లో అవి గ్రంథముగా వెలువడెను. ఆ యేడే ఆయన అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. బానిసత్వమును రద్దుచేసిన పదమూడవ రాజ్యాంగ సవరణను 1865 ఫిబ్రవరి 1న అన్ని రాష్ట్రములకంటె ముందుగా ఆమోదించినది ఇలినాయ్ శాసనసభయే! ఆరేండ్లకు మునుపు లింకనును కాదన్న సభ యది.

పరోక్షపు టెన్నికకు మరియొక ముఖమును గలదు. అదే ఇలినాయ్ సభ 1909లో విలియం లారిమరును ఎన్నుకొనగా, అవినీతి మార్గమున జరిగినదని సెనేటు 1912లో ఆ యెన్నికను త్రోసివేసెను. మరుసటి యేట, 1913లో, పదునేడవ సవరణ వచ్చి సెనేటరు నెన్నుకొను హక్కును ప్రజల చేతికిచ్చెను.

మన రాజ్యసభకు రాష్ట్రముల ప్రతినిధులను నేటికిని శాసనసభ్యులే ఎన్నుకొందురు. అందు మనకేమి పని యని చాలమంది యూరకుందురు. 1858 నాటి ఆ రైతులకును నేరుగా ఓటు లేదు. అయినను ఎండలో నిలిచి వినిరి, తూచిరి, తమ శాసనసభ్యుని ఆ తూకముతోనే ఎన్నుకొనిరి. స్థానము శాసనసభ చేతిలోనిది. ప్రశ్న మాత్రము ప్రజల చేతిలోనిది. కావున మహాశయులారా, ఓటడుగ మీ గడపకు వచ్చినవానిని ఊరక పంపకుడు. ఢిల్లీకి ఎవరిని పంపుదువు, ఏల పంపుదువు అని యడుగుడు. వాని బదులును వ్రాసి యుంచుడు.