రక్తం చిక్కబడితే చాలదు

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీ ముందు ఒక్క ప్రశ్ననే ఉంచుతాను. ఆక్సిజన్ తక్కువైన చోట ప్రాణులు ఎలా బతుకుతున్నాయి? ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి కదా అన్నది మనకు వెంటనే తట్టే జవాబు. మైదానం నుంచి లద్దాఖ్ వెళ్లినవాళ్ల ఒంట్లో కొన్ని వారాల్లో జరిగేది అదే. అయితే తరతరాలుగా ఎత్తులమీదే బతుకుతున్న ప్రాణుల రక్తం పరీక్షిస్తే ఆ జవాబు నిలవదు. కొరత రాగానే ఒళ్లు చేసే పని వేరు, కొరతకు వంశమంతా అనువుగా మారడం వేరు. కొన్నిసార్లు ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కూడా.

తలమీద రెండు నల్లటి పట్టీలుండే బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతును చూడండి. మంగోలియా, టిబెట్ ప్రాంతాల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాలు దాటి మన దక్షిణాది చెరువుల దాకా వస్తుంది. పరిశోధకులు అమర్చిన పరికరాలు ఈ పక్షి 7,290 మీటర్ల ఎత్తున ఎగరడాన్ని నమోదు చేశాయి. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం కూడా ఉండదు. దీని రహస్యంలో ఒక ముఖ్యమైన భాగం హీమోగ్లోబిన్ ఆల్ఫా గొలుసులో 119వ స్థానంలో ఉంది. మైదానాల్లో ఉండే దగ్గరి చుట్టం గ్రేలాగ్ గూస్‌లో అక్కడ ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఉంటే, దీనిలో అలనైన్ ఉంది. అలనైన్ చిన్నది. దానివల్ల ఎదురుగా ఉన్న బీటా గొలుసు 55వ స్థానంతో ఉండే తాకిడి తెగిపోతుంది. ఆ పట్టు సడలితే హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మరింత గట్టిగా అందుకుంటుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పెద్దబాతు పేరుకు పెద్దబాతే గానీ వేరే శాఖకు చెందిన పక్షి. దానిలో 119వ స్థానం మారలేదు, అవతలి వైపున్న 55వ స్థానం మారింది. రెండు ఖండాల్లో, రెండు వంశాల్లో, ఒకే తాకిడి రెండు వైపుల నుంచి తెగింది. జీవరసాయనశాస్త్రంలో ఇంతకంటే అందమైన సాక్ష్యాలు అరుదని నా అభిప్రాయం.

ఇది జరిగిపోయినదానికి అల్లిన కథ కాదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. హీమోగ్లోబిన్ నిర్మాణాన్ని తేల్చి 1962లో నోబెల్ అందుకున్న మాక్స్ పెరుట్జ్ 1983లో ఈ తాకిడి సంగతి ప్రతిపాదించినప్పుడు అది ఊహే. 1991లో పరిశోధకులు ఆ రెండు మార్పులనూ విడివిడిగా మనిషి హీమోగ్లోబిన్‌లోనే ప్రవేశపెట్టి చూశారు. రెండుసార్లూ ఆక్సిజన్ మీద పట్టు పెరిగింది. 119వ స్థానం ఒక్కటే కాదు, మరికొన్ని మార్పులూ తోడయ్యాయని తర్వాతి ప్రయోగాలు చూపాయి. ఇంకో అభ్యంతరం మరింత గట్టిది: గట్టిగా పట్టుకున్న ఆక్సిజన్‌ను కండరానికి వదలడం కష్టం కదా? నిజమే. అందుకే హీమోగ్లోబిన్ ఒక్కటే మారితే పెద్దగా లాభం ఉండదు. బార్ హెడెడ్ గూస్ ఊపిరితిత్తులు పెద్దవి, ఊపిరి లోతైనది, రెక్కల కండరాల్లో సన్నని రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. ఒక్క అణువును పొగిడి మిగతా ఒంటిని మరిచిపోయే వివరణ సగం వివరణే.

ఇక మనుషుల సంగతి. మన కణాల్లో హిఫ్ అనే ప్రొటీన్ ఎడతెగకుండా తయారవుతూ ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపూ ఒక ఎంజైము దానిమీద గుర్తు వేస్తుంది, గుర్తు పడ్డ హిఫ్‌ను కణం నిమిషాల్లో నాశనం చేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. హిఫ్ మిగిలి, కేంద్రకంలోకి చేరి, ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపొయిటిన్‌తో సహా ఎన్నో జన్యువులను మేల్కొల్పుతుంది. చేసినదాన్ని వెంటనే చెరిపేయడం దుబారాలా కనిపిస్తుంది గానీ, ఊపిరాడని కణానికి కొత్త ప్రొటీన్ తయారయ్యేదాకా ఆగే వ్యవధి లేదు. ఈ ఏర్పాటును వెలికితీసినందుకే సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది. అయితే ఈ స్పందన ఏళ్ల తరబడి సాగితే రక్తం చిక్కబడుతుంది, గుండె అలసిపోతుంది. పెరూ వైద్యుడు కార్లోస్ మోంగే 1920లలో వర్ణించిన జబ్బు ఇదే. టిబెటన్లలో ఆ ఎత్తుల్లోనూ హీమోగ్లోబిన్ చాలావరకు మైదానవాసుల స్థాయికి దగ్గర్లోనే ఉంటుంది. హిఫ్ కుటుంబానికి చెందిన ఈపాస్1 అనే జన్యువులో వారికున్న రూపాంతరం దీనికి ప్రధాన కారణమని 2010లో బయటపడింది. అంతరించిన డెనిసోవన్ మానవుల నుంచి అది వారికి సంక్రమించిందని 2014లో తేలింది. అంటే ప్రకృతి వరణం అక్కడ స్పందనను పెంచలేదు, కళ్లెం వేసింది. ఆండీస్ వాసుల్లో హీమోగ్లోబిన్ ఎక్కువగానే ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. మోంగే జబ్బు వారిలోనే ఎక్కువగా కనిపించడం నా వాదనకు బలమే.

కొండమీది బాతు గొడవ మనకెందుకు అనేవారికి జవాబు మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉంది. మూత్రపిండాలు దెబ్బతింటే ఎరిత్రోపొయిటిన్ తగ్గి రక్తహీనత వస్తుంది. హిఫ్ మీద గుర్తు వేసే ఎంజైమును అడ్డుకునే మాత్రలు ఇప్పుడున్నాయి. వాటిలో మన దేశంలో రూపొందిన డెసిడుస్టాట్‌కు 2022లో అనుమతి వచ్చింది. హీమోగ్లోబిన్‌ను అవసరానికి మించి పెంచితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది గనుక వైద్యులు దాన్ని ఒక హద్దులోనే ఉంచాలి. టిబెటన్ల రక్తం చెప్పిన సంగతీ అదే. ఈ మాత్ర రక్తహీనతను తగ్గిస్తుంది తప్ప మూత్రపిండాన్ని బాగుచేయదు. ఉద్దానంలో మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో ఈనాటికీ అందరూ ఒప్పుకునే కారణం తేలలేదు. మీలో జీవరసాయనం, వైద్యం, నేలల శాస్త్రం, గణాంకశాస్త్రం చదివినవాళ్లు ఉన్నారు. మీ మొదటి పరిశోధనాంశం ఎంచుకునేటప్పుడు ఉద్దానాన్ని లెక్కలోకి తీసుకోండి.