వేటసంచిలో గాలము
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నప్పుడు, "అయ్యా, నేను రైల్వే గుమాస్తాను, చదివినది పదవ తరగతి, నాకు సాహిత్యము రాదు" అన్నాను. "మీకు తెలిసినదే చెప్పండి" అన్నారు. నాకు బాగా తెలిసినవి రెండే: ఆఫీసు రిజిస్టర్లు, గాలము. పండుగపూట రిజిస్టర్ల గోల యెందుకని గాలము సంగతి యెత్తుకొన్నాను.

నా వుద్యోగము తిరువళ్లూరులో, కాపురము తిరుత్తణిలో. సొంతవూరు మాత్రము నాగలాపురం కొండల కింద. మా తాతగారు వయసులో వున్నప్పుడు వేటగాడు. వన్యప్రాణి చట్టము రాకముందు మాట. లైసెన్సు తుపాకి వుండేది. ఒకసారి ముగ్గురు స్నేహితులతో మూడు దినములు అడవిపంది వేటకు బయలుదేరినారు. దారి చూపుటకు యానాది ఒకాయన వెంట వచ్చినాడు. తాతగారికన్న పదేండ్లు పెద్దవాడు. అయినా పిలుపు "ఒరే" అనియే.

బయలుదేరునప్పుడు ఆయన తలగుడ్డ కొంగున యేదో ముడి వేసికొనుచుండగా తాతగారు చూచినారు.

"యేమిరా అది?"

"గాలం, సామీ."

"పందివేటకు పోతా గాలం యెందుకురా? పందికి గాలమేస్తావా?"

అందరు నవ్వినారు. ఆయన కూడ నవ్వినాడు గాని ముడి విప్పలేదు.

మాంసము దొరుకుననే ధీమాతో బియ్యము, వుప్పు, మిరపకాయలు, చింతపండు తప్ప మరేమియు తీసికొనలేదు. మొదటి దినము పంది జాడ దొరికినది, పంది దొరకలేదు. రెండవ దినము వాన. తుపాకిమందు తడిసినది. ఆ రాత్రి వుప్పుగంజి తాగి పడుకొన్నారు. మరునాడు తెల్లవారుజామున ఆయన మడుగు వొడ్డున యెర్రలు తవ్వి, వెదురు నరికి, దారమునకు బెండుముక్క కట్టి, "సామీ, ఒక గుండు యియ్యండి" అని అడిగి, ఆ సీసపు గుండును దారమునకు బరువుగా నొక్కినాడు. ఆ వేటలో పనికివచ్చిన గుండు అదొక్కటే.

పొద్దెక్కులోపల జెల్లలు, పరిగెలు ఒక గుడ్డ నిండినవి. పులుసు కాచినారు. అందరికి వడ్డించి ఆయన యెడముగా పోయి కూర్చొన్నాడు. తాతగారు "ఇట్ల రా అన్నా" అని పిలిచి పక్కన కూర్చుండబెట్టుకొన్నారు.

వేటకు పోవువారికి గాలము యెందుకు అని యిప్పుడెవరును అడుగరనుకొందును. తుపాకికి పొడి మందు కావలెను, జంతువు కంటబడవలెను, గురి కుదరవలెను. మధ్యాహ్నము మృగము పొదలో పండుకొన్నప్పుడు వేటగానికి పని లేదు. గాలమునకు అప్పుడును పని వున్నది. తుపాకి మోగితే కొండంతా తెలియును. గాలము వేసితే పక్కనున్న కొంగకు గూడ తెలియదు. పులులవేటకు పేరుపడిన జిమ్ కార్బెట్ దొర గూడ 1944లో అచ్చయిన తన కుమావూను పుస్తకములో పులుల కథల నడుమ చేపవేటకు ఒక ప్రకరణము యిచ్చినాడు.

అంతదూరము పోనక్కరలేదు. మన తిరువళ్లూరు జిల్లాలోనే, కుశస్థలి నది దగ్గర అత్తిరంపాక్కములో, 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ బృందము ఆదిమానవుల రాతి పనిముట్లు కనుగొన్నది. వాటిలో పాతవి సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011లో పరిశోధకులు ప్రకటించినారు. వేటగాడు నీటిని విడిచి దూరము పోలేడు. ఆ నది మీదనే 1944లో పూండి జలాశయము కట్టినారు. 1996 నుంచి కండలేరు కాలువ గుండా కృష్ణనీరు గూడ అక్కడికి చేరుచున్నది. మనకన్న ముందే మన నీరు యిక్కడికి వలస వచ్చినదని మా స్నేహితులతో అంటూ వుంటాను.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991 సవరణతో లైసెన్సు మీద వేటాడే దారియు మూసుకొన్నది. మంచిదే అయినది. తాతగారు తుపాకిని అప్పగించినారు. నాకు మిగిలినది ఆయన నస్యపు డబ్బా. అందులో నాలుగు గాలములు, వెదురుపుల్లకు చుట్టిన యిరువది గజముల నైలాను దారము, బెండుముక్క, నాలుగు బరువులు. గాలపు మొనలు బెండులో గుచ్చి వుంచవలెను, లేనిచో మొదట పడు చేప మన వేలే. సీసమును పండ్లతో కొరుకరాదు, అది విషము. ఒకదానిలో ఒకటి దూరు మడతకఱ్ఱలు యిప్పుడు అంగళ్లలో దొరకుచున్నవి. మూరెడు సంచిలో పట్టును. రిజర్వు అడవిలోను, జలాశయములోను అనుమతి లేక గాలము వేయరాదు. నేను సంక్రాంతికి వూరు పోయినప్పుడు చెరువు వేలము పాడినవారిని అడిగి వేయుదును.

ఇక ఒక్క మాట మిగిలినది. వేట నుంచి వచ్చిన తరువాత తాతగారు "పంది తప్పించుకొన్నది" అని మాత్రమే వూరిలో చెప్పినారు. చేపల మాట యెత్తలేదు. "అన్నా" అన్న పిలుపు గూడ కొండమీదనే నిలిచిపోయినది. వూరిలో మళ్లీ "ఒరే" అనియే. ఆయన పోయినాడు, తాతగారు చెప్పలేదు. చివరి దినములలో నా చేతిలో ఆ డబ్బా పెట్టి, "ఆ గాలాలు వాడివిరా. మమ్మల్ని బతికించినాడని నేను నలుగురిలో చెప్పలేకపోయినాను. నువ్వైనా చెప్పు" అన్నారు.

నలుగురు కాదు, నేడు యింతమంది వున్నారు గనుక చెప్పినాను.