జవాబు చెప్పే యంత్రం, ప్రశ్న అడిగే టీచరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం తరఫున బడికి కృత్రిమ మేధ సమకూర్చాలని చాలామంది మిత్రులు అంటున్నారు. మంచి ఆలోచనే. అయితే డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఆ యంత్రం పిల్లల చేత ఆలోచింపజేస్తుందా, పిల్లల బదులు తానే ఆలోచించేస్తుందా?

2023లో టర్కీలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది విద్యార్థులతో లెక్కల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి అడిగిందల్లా చెప్పే చాట్‌బాట్, కొందరికి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ ఇచ్చారు. మిగిలినవాళ్లకు పుస్తకాలే. అభ్యాసంలో పుస్తకాలవాళ్లకన్నా మొదటివాళ్లు 48 శాతం, రెండోవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత చాట్‌బాట్ లేకుండా పరీక్ష పెడితే, మొదటివాళ్లకు పుస్తకాలవాళ్లకన్నా 17 శాతం తక్కువ మార్కులొచ్చాయి. రెండోవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు. అలాగని పెద్ద లాభమూ కనిపించలేదు.

రెండింటి వెనకా ఉన్నది ఒకే జీపీటీ-4. తేడా ఎక్కడ? రెండోదానికి ప్రతి లెక్కలో పిల్లలు ఎక్కడ తప్పుతారో, అప్పుడు ఏ సూచన ఇవ్వాలో టీచర్ల సాయంతో ముందే చెప్పి ఉంచారు.

మనకు తెలిసిన లెక్కే చూడండి. 1/2కి 1/3 కలపమంటే చాలామంది పిల్లలు పైవి పైవి, కిందివి కిందివి కూడి 2/5 అని రాస్తారు. యంత్రం 5/6 అని చెప్పేస్తే రాసుకుంటారు. మర్నాడు మళ్లీ 2/5 వేస్తారు. అనుభవమున్న టీచరైతే, "నీ దగ్గర సగం జామకాయ ఉంది. నేను ఇంకో ముక్క ఇచ్చాను. నీ లెక్కలో సగం కంటే తగ్గిందేమిట్రా?" అని అడుగుతారు. పిల్లవాడు ఒక్క క్షణం ఆగుతాడు. చదువంటే ఆ ఆగడమే.

అందుకే నా విన్నపం. ముందుగా ఏడో తరగతి లెక్కలతో మొదలుపెడదాం. ఈ బడిలో పిల్లలు తరచూ చేసే తప్పుల్ని, వాటికి మన టీచర్లు వేసే ప్రశ్నల్ని తెలుగులో రాసి పెట్టుకుందాం. విశ్రాంత ఉపాధ్యాయులు కూడా ఒక చెయ్యి వేయాలి. దాన్ని యంత్రానికి అందించే పని మాలాంటి ఇంజినీర్లం చూసుకుంటాం. నెలకోసారి మాత్రం కాగితం, పెన్నుతోనే పరీక్ష పెడదాం. అందులో పిల్లలు నిలబడితేనే రెండో తరగతికి వెళ్దాం; లేకపోతే ఆపేద్దాం.

మన గురువులు యాభై ఏళ్లుగా నోటుపుస్తకాలు దిద్ది సంపాదించిన ఆ తెలివి ఏ దుకాణంలోనూ దొరకదు. సంఘం ముందు దాన్ని భద్రపరచాలి. యంత్రం సంగతి తర్వాత.