నడిసముద్రమున నావ జాడ



వేటకు వెళ్లిన మరపడవ చెప్పిన వేళకు తిరిగి రానిచో, ఒడ్డున కాచుకొనియుండు ఇంటివారి ఆవేదన మన తీరగ్రామములకు క్రొత్త కాదు. పడవ ఆపదలో నున్నదని తెలిసినను, ఎచ్చట నున్నదో తెలియక వెదకుట మిక్కిలి కష్టము. ఆ చోటును రేడియో తరంగములతో కనుగొను విధమును నేడు మీకు మనవి చేయదలచితిమి.

రైలు మనవైపు వచ్చునపుడు దాని కూత హెచ్చుస్థాయిలోను, దాటిపోవునపుడు తగ్గుస్థాయిలోను వినబడును. రేడియో తరంగములకును ఈ గుణము కలదు. 1957లో సోవియట్ దేశమువారు స్పుత్నిక్‌ను ప్రయోగించినపుడు, అమెరికాలో గైయర్, వైఫెన్‌బాక్ అను శాస్త్రజ్ఞులు దాని సంకేతములలోని ఈ మార్పును బట్టియే అది పోవు మార్గమును లెక్కగట్టిరి. ఉపగ్రహ మార్గము ముందే తెలిసియున్నచో, ఈ లెక్కనే తిరుగవేసి, భూమిపై సంకేతము పంపు పరికరమున్న తావును తెలిసికొనవచ్చును.

ఈ సూత్రము ఆధారముగా 1979లో కెనడా, ఫ్రాన్సు, అమెరికా, సోవియట్ యూనియన్ కలిసి కోస్పాస్–సార్సాట్ అను రక్షణ వ్యవస్థకు పూనుకొనినవి. 1982 సెప్టెంబరులో కెనడాలో కూలిన ఒక చిన్న విమానపు సంకేతమును సోవియట్ ఉపగ్రహము అందుకొనగా, అందలి ముగ్గురును ప్రాణములతో బయటపడిరి. రాజకీయముగా ఎడమొగము పెడమొగముగా నున్న రాజ్యములును ఆపన్నుల విషయమున ఏకమైనవి. మన దేశమును ఈ వ్యవస్థలో భాగస్వామియే.

మన మత్స్యకారుల కొరకు ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరము 2010 నుండి వాడుకలోనికి వచ్చినది. ఇది ఉపగ్రహముల నుండి వచ్చు సంకేతములతో తన చోటును తానే గుర్తించుకొనును. మీట నొక్కినంతనే ఆ చోటును ఉపగ్రహము ద్వారా తెలియజేయును. ఆ కబురు తీరరక్షక దళమునకు చేరును. 2024లో వెలువడిన రెండవ తరము పరికరమునకు, మొర అందినదను తిరుగు సమాధానము కూడ వచ్చును. నడిసముద్రమున నున్నవానికి ఆ ఒక్క మాట ఎంత ధైర్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే పరికరము పిలిచిననే ఉపగ్రహము వినగలదు. ఇంటి అటకపై నుంచిన పరికరము ఎవరిని కాపాడును? కావున బయలుదేరుటకు ముందు బ్యాటరీని పరీక్షింపుడు. పరికరమును చేతికందు చోట నుంచి, ఆకాశము కనబడు తావుననే వాడుడు. పడవ వివరములను నమోదు చేయించుడు. వేడుకకు మీట నొక్కకుడు. ఒక అబద్ధపు మొర వెంట రక్షకులు పోయినచో, నిజముగ మునుగుచున్నవానికి ఆలస్యమగును. తీరము దాటి దూరము పోయినచో సెల్‌ఫోనును నమ్ముకొనరాదు. ఒడ్డుననున్న ఇంటివారు, పడవ రాక ఆలస్యమైనచో, తీరరక్షక దళమువారి 1554 సంఖ్యకు వెంటనే తెలుపవలెను.

వలయు తెడ్డును మరువని మీరు ఈ చిన్న పరికరమును గూడ మరువకుందురుగాక!