మందు ఇంటికి చేరాక
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరిచ్చే సొమ్ములో కొంత షుగర్ రోగుల మందులకు వెళుతోంది. ఆ మందు ఇంటికి చేరాక ఏమవుతోందో ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాం. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. ఆ పెద్ద లెక్క అలా ఉంచి, మన కడపలో రాత్రిపూట ఎమర్జెన్సీ దగ్గర రోగులకు తోడుండే మన కార్యకర్తలు చూసిందే చెబుతాం.

వాంతులు, ఆయాసంతో ఒక తల్లిని ఆటోలో తెచ్చారు. మూడు రోజులుగా జ్వరం. "అమ్మీ అన్నమే తినలేదు భాయ్, ఇంక సూది ఎందుకని ఆపేసినాం" అన్నాడు కొడుకు. జ్వరంలో తిండి తగ్గినా షుగర్ పెరగవచ్చు. అప్పుడు ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. డోసు ఎంతో డాక్టరును అడగాలి గానీ సొంతంగా ఆపకూడదు. ఈ ముక్క ఆ ఇంటికి చేరలేదు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, పిల్లలు చదివింది తెలుగు, చీటీ ఇంగ్లిషులో!

సిరంజి సంగతి మరీ ఘోరం. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ రంగు మూతది 100 యూనిట్ల మందుకు. దానితో 40 యూనిట్ల మందును 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. రోజూ సూది వేసుకుంటున్నా షుగర్ దిగదు. తప్పు రోగిదేనని అందరూ తిడతారు.

ఇంకొకటి, ఆడవాళ్లు బాగా ఎరిగినదే. బిళ్ళ వేళకు వేసుకుంటారు, అన్నం మాత్రం అందరూ తిన్నాక తింటారు. చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పిపోతారు. స్పృహ ఉండగానే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగిస్తే చాలాసార్లు తేరుకుంటారు. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

రంజాన్‌లో ఇదే ప్రమాదం పెరుగుతుంది. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుంచి సడలింపు ఉందని మనందరికీ తెలుసు, అయినా రోజా వదలడానికి మనసు ఒప్పదు. ఉండదలచినవారు నెల ముందే డాక్టరును కలిసి సహరీ, ఇఫ్తార్ డోసులు మార్పించుకోవాలి. వేలి నుంచి రక్తం చుక్క తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలమా చెబుతున్నారు. షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే రోజా విరమించాలి. ఈ మాట జుమా రోజున మస్జిద్‌లో చెప్పించమని ఇమామ్ సాహెబులను కోరుతున్నాం. మేం పంచే కరపత్రం కన్నా అది ఎక్కువ ఇళ్లకు చేరుతుంది.

కొందరు దాతలు అంబులెన్స్ కొందామన్నారు. మంచి ఉద్దేశమే. కానీ 108 బండి 2005 నుంచి ఉంది. ఆ బండి ఎక్కే అవసరం రాకుండా చూసేవారే లేరు. అందుకని ఈ ఏడాది ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లను నియమించాలనుకుంటున్నాం. ఆసుపత్రి నుంచి పంపించిన వారంలోపు ఇంటికెళ్లి, చీటీ చదివి చెప్పి, చదువు రానివారికి మందుల డబ్బాలపై సూర్యుడు, చంద్రుడు గీసి ఇస్తారు. సిరంజి మూత రంగు, కాలి పుండ్లు చూస్తారు. బీడీలు చుట్టే మనిషి ఓపీకి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, అదీ అడిగి తెలుసుకుంటారు. జకాత్ నిధి అర్హుల మందులకే ఉంచి, వీరి జీతం సదఖా నుంచి ఇద్దామని మా ప్రతిపాదన.

ఇక డబ్బుతో పనిలేని కోరిక ఒకటి. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టే అరలో కాదు. ఫ్రిజ్ లేని ఇళ్లు మీ వీధిలోనే ఉన్నాయి. మీ ఫ్రిజ్ తలుపులో ఒక అర పక్కింటి సీసా కోసం ఇవ్వగలవారు, సమావేశం అయ్యాక బల్ల దగ్గర మీ వీధి పేరు రాయించండి.