అనుమతి అమ్మది, లాభం కంపెనీది

తమ హెడ్మాస్టరు గారి పేరిట ఈ ఉపన్యాసం పెట్టిన శిష్యులు, పిల్లల సంగతి మాట్లాడమని అడిగారు. ఇంటర్నెట్‌లో పిల్లలకు జరుగుతున్న కీడు గురించీ, దాన్ని ఆపే పూచీ చట్టం ఎవరి నెత్తిన పెడుతోందన్న దాని గురించీ మాట్లాడతాను.

2015 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి ప్రజ్వల సంస్థ తరఫున సునీతా కృష్ణన్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ రాశారు. అత్యాచారాలను వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పుతున్నారని ఆమె ఫిర్యాదు. కోర్టు ఆ లేఖనే కేసుగా తీసుకుంది. ఆ కేసు నడుస్తుండగానే 2018 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల పోర్టల్ తెరిచింది. పిల్లలపై అకృత్యాల వీడియోల గురించి అందులో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చెయ్యొచ్చు. ఒక తెలుగు ఊరి నుంచి వెళ్లిన ఉత్తరం దేశమంతటికీ ఒక తలుపు తెరిపించింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండదగ్గది.

ఈ రకం నేరానికి చట్టం కొరత లేదు. ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద పిల్లల లైంగిక వీడియోలు వెతికినా, దింపుకున్నా, పంపినా మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. ఒంటరిగా చూసుకుంటే నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు కొట్టేసింది. కొరతంతా మన తెలివిడిలోనే. అపార్ట్‌మెంటు గ్రూపుల్లో చూడండి: ఏదో పసిబిడ్డను హింసించే వీడియో వస్తుంది, కింద 'దుర్మార్గుడు దొరికేదాకా షేర్ చెయ్యండి' అని ఉంటుంది. పెద్దమనుషులు కన్నీళ్లు పెట్టుకుని మరీ పదిమందికి పంపిస్తారు. లైంగిక హింస వీడియో అయితే అలా పంపడమే నేరం. మనం పంపిన ప్రతిసారీ ఆ బిడ్డ మరొకసారి బజారున పడుతుంది.

ఇక రెండో రకం కీడు నేరంలా కనిపించదు. లండన్ శివారులో మోలీ రస్సెల్ అనే పద్నాలుగేళ్ల పిల్ల 2017లో ప్రాణం తీసుకుంది. మనసు బాగోలేనప్పుడు ఆమె ఇంటర్నెట్‌లో చూసినవాటిలో కొన్ని ఆమె అడిగినవే కావు, సైట్లే ఎంచి ఒకదాని వెంట ఒకటి వడ్డించాయి. ఆమె చావులో వాటికీ పాత్ర ఉందని 2022లో కరోనర్ అనే మరణ విచారణాధికారి తేల్చారు. మరుసటి ఏడే బ్రిటన్ ఆన్‌లైన్ భద్రతా చట్టం తెచ్చింది. పిల్లలకు ఏ ముప్పుందో కంపెనీలే లెక్కగట్టాలి, సిఫారసుల పద్ధతిని కంపెనీలే మార్చాలి. తప్పితే ప్రపంచవ్యాప్త ఆదాయంలో పదో వంతు దాకా జరిమానా.

మన 2023 డేటా రక్షణ చట్టం వేరే దారి పట్టింది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. పిల్లల వెంటపడి జాడలు తీయకూడదనీ, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదనీ కూడా అంది. ఆ రెండో మాట బంగారం. మొదటి మాటతోనే నాకు పేచీ. మన ఇళ్లలో ఫోన్ అమ్మది, అకౌంటు అమ్మది. 2020 లాక్‌డౌన్‌లో క్లాసులన్నీ ఆ ఫోన్లోకే వచ్చాయి, పిల్లవాడి చేతిలో అది అలాగే ఉండిపోయింది. అనుమతి కోసం ఓటీపీ వచ్చేదీ ఆ ఫోన్‌కే. పుట్టిన సంవత్సరం అడిగే గడి దగ్గర పన్నెండేళ్ల వాడు బొటనవేలితో 1998 దాకా జరుపుకుంటూ పోతాడు. సైటు నమ్మేస్తుంది. నమ్మడంలోనే దానికి లాభం.

ఇంకో చిక్కు. ఆరేళ్ల పాపకూ, ఈఏపీసెట్‌కు చదివే పదిహేడేళ్ల అమ్మాయికీ ఒకటే కొలత. ఇంట్లోవాళ్ల వల్లే కష్టం ఉన్న పిల్ల సాయం వెతుక్కోవాలన్నా ఆ ఇంట్లోవాళ్లనే అడగాలా?

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు వాళ్లకు సోషల్ మీడియా అకౌంట్లు మూసేసింది. నిషేధాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, పిల్లలు గోడ దూకడం ఎప్పుడూ నేర్చుకుంటారు. అయినా ఆ చట్టంలో ఒకటి మెచ్చుకోవాలి: పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు. కంపెనీకి మాత్రం 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా. ఆన్‌లైన్ భద్రత చూడటానికి వాళ్లకు 2015 నుంచే ప్రత్యేక కమిషనర్ ఉన్నారు. మన బాలల హక్కుల కమిషన్ సిఫారసు చెయ్యగలదే గానీ, కంపెనీకి జరిమానా వెయ్యలేదు. అలా వెయ్యగల కార్యాలయం మనకూ కావాలి. తెలుగులో రాసిన ఫిర్యాదును తెలుగులోనే చదివే మనిషి అందులో కూర్చోవాలి.

అది వచ్చేలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. పిల్లలపై అకృత్యాల వీడియో మీ ఫోన్‌కు వస్తే ఎవరికీ పంపకండి, ఖండించడానికి కూడా వద్దు. ఎక్కడినుంచి వచ్చిందో రాసుకుని సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యండి. ఆపదలో ఉన్న బిడ్డ ఎవరో తెలిస్తే వెంటనే 1098కి ఫోన్ చెయ్యండి.