ఫెడరల్ నిబంధనల్లో మన ఊరి మాట



ఇక్కడ అమెరికాలో వీధి స్తంభం ఊరిదే. దాని మీద సెల్ పరికరం పెడితే ఎంత తీసుకోవాలో చెప్పింది మాత్రం వాషింగ్టన్. 2018లో ఎఫ్‌సీసీ ఏడాదికి 270 డాలర్లు సమంజసమంది. అంతకు మించితే ఖర్చుల లెక్క చూపాలంది. నగరాలు కోర్టుకెక్కాయి. 2020లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ఆ పరిమితిని సమర్థించింది.

స్థానిక ప్రభుత్వాలను సంప్రదించాలన్న 1995 నాటి చట్టం ఎఫ్‌సీసీ వంటి స్వతంత్ర సంస్థలకు వర్తించదు. కాబట్టి ముసాయిదా దశలోనే అభ్యంతరం రాయాలి. ముఖ్యమైన అభ్యంతరాలకు సంస్థ జవాబు చెప్పక తప్పదు.

నేను టెలికాం కంపెనీలకు వ్యతిరేకిని కాను. మనలో ఎందరో అక్కడే పనిచేస్తున్నారు. కానీ వాళ్లకు లాయర్లున్నారు, చిన్న ఊళ్లకు లేరు. లెక్కలు తెలిసిన మనం మన కౌన్సిల్‌కు ఆ ఖర్చుల లెక్క కట్టి ఇద్దామని నా మనవి.